ఆఖరి బెంచీకి వినబడాలి

ఆ పూట ప్రిన్సిపాల్ పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పళ్లు తోముకుంటూ ఒకసారి, గడ్డం గీసుకుంటూ ఒకసారి, అద్దం ముందు టై కట్టుకుంటూ మరోసారి దాన్ని మొదటినుంచి చివరిదాకా మనసులో నడిపించి చూసుకున్నాడు. ఆఖరి సంవత్సరం పిల్లలు ఒక్కొక్కరే ఒక గదిలోకి వెళ్తారు. లోపల ఒక పెద్దమనిషి నిప్పులు కక్కుతూ ప్రశ్నలు అడుగుతాడు. పిల్లలు బెదరకుండా జవాబులు చెప్పి బయటికి వస్తారు. ఆ దెబ్బతో రేపు కాలేజీ ఇంటర్వ్యూ అయినా, ఎల్లుండి ఉద్యోగం ఇంటర్వ్యూ అయినా వాళ్లకు లెక్కుండదు. అంతే సంగతి.

"ఏవండీ, ఇవాళైనా జవాబు చెప్తారా?" అంది ఆయన భార్య, కాఫీ కప్పు బల్ల మీద పెడుతూ.

"దేనికి?"

"నెలాఖరుకి మీ రిటైర్మెంటు. ఆ మర్నాటి నుంచి ఏం చేస్తారని పోయినేడాది నుంచి అడుగుతున్నాను."

"చూస్తున్నాను" అన్నాడు ప్రిన్సిపాల్, టై ముడి వంకే చూస్తూ.

"ఆ చూసేదేదో తొందరగా చూడండి. ఇంట్లో కూర్చోడానికి మాత్రం వీల్లేదు. వేసవి సెలవుల్లో నన్నేం చేశారో ఇంకా మరిచిపోలేదు."

ఆవిడ మరిచిపోకపోవడంలో న్యాయముంది. ఆ సెలవుల్లో ఆయన వంటగది తలుపుకి టైంటేబుల్ అంటించాడు. మొదటి పీరియడ్ కూరలు తరగడం, రెండో పీరియడ్ గిన్నెలు, తరవాత చిన్న విరామం. పీరియడ్ మారినప్పుడల్లా చేతిగంట వాయించేవాడు. పాలవాడు ఆలస్యంగా వస్తే గుమ్మం బయట నిలబెట్టి, కారణం చెప్పించుకున్నాకే లోపలికి రానిచ్చేవాడు. పాలవాడు పని మానేశాడు. ఆవిడకు ఆ సౌకర్యం లేకపోయింది.

"సాయంత్రం మీరొచ్చేసరికి నాకు జవాబు కావాలి. లేకపోతే మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను. మళ్లీ ఎప్పుడొస్తానో నాకే తెలీదు."

"సాయంత్రం తప్పకుండా చెప్తాను" అని ఆయన కాఫీ సగంలో వదిలేసి బయటపడ్డాడు.

నిజానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఎదురుపడిన ప్రతి పిల్లనీ, పిల్లవాడినీ భుజం తట్టి "పెద్దయ్యాక ఏమవుతావు?" అని అడగడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. జవాబు మెల్లగా చెబితే "గట్టిగా! ఆఖరి బెంచీకి వినబడాలి" అనేవాడు. అదే ప్రశ్న తన వైపు తిరిగేసరికి మాత్రం గుండెలో రాయి పడినట్టుండేది. ఈ రాయి సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు, బడిలో చెప్పలేదు, సాధ్యమైనంతవరకు తనకు తాను కూడా చెప్పుకోలేదు.

బడిలో ఆయన్ని అందరూ చాటుగా రిహార్సల్ సార్ అనేవారు. రిహార్సల్ లేకుండా ఆయన సెలవు కూడా ఇవ్వడని వాళ్ల ఫిర్యాదు. ఒకసారి వార్షికోత్సవానికి వారం పాటు రిహార్సల్ నడిపాడు. ముఖ్య అతిథి స్థానంలో ఖాళీ కుర్చీ పెట్టారు. ఆ కుర్చీ ముందు పిల్లలు చప్పట్లు కొట్టి, కృతజ్ఞతలు చదివి, వరసగా బయటికి వెళ్లడం సాధన చేశారు. అసలు రోజున నిజం అతిథి లేచి గొంతు సవరించుకునేలోపే చప్పట్లు మోగాయి, కృతజ్ఞతలు అందాయి, హాలు ఖాళీ అయింది. అతిథి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ప్రిన్సిపాల్ మాత్రం "చూశారా మా పిల్లల క్రమశిక్షణ!" అని ఆయన దగ్గరే మురిసిపోయాడు.

ఈ ఇంటర్వ్యూల పథకానికి మూలం ఒక అమ్మాయి. క్లాసులో అందరికంటే తెలివైనది. గొంతు మాత్రం పక్క బెంచీకి కూడా వినబడదు. పాఠం అప్పజెప్పమంటే పక్కన కూర్చున్న పిల్ల చెవిలో చెప్పేది, ఆ పిల్ల టీచరుకు చేరవేసేది. తోటివాళ్లు పెట్టిన పేరు గుసగుస. వచ్చేవారమే ఆమెకు మంచి కాలేజీలో ఇంటర్వ్యూ ఉంది. అక్కడికి పక్క బెంచీ పిల్లను వెంటబెట్టుకుని పోవడానికి ఒప్పుకోరు. ప్రిన్సిపాల్ ఆ అమ్మాయి విషయంలో నిద్ర కూడా చెడగొట్టుకున్నాడు. తను బడి వదిలేలోగా ఆ పిల్ల గొంతు ఒక్కసారైనా వినాలని ఆయన కోరిక.

నిప్పులు కక్కే పెద్దమనిషి కోసం ఆయన వెతుక్కోనక్కర్లేకపోయింది. సొంత బావమరిది నాటకాల్లో విలన్ వేషాలకు పెట్టింది పేరు. బడికి ఎదురుగా ఉన్న మేడలో మూడో అంతస్తు అతని నాటక బృందానిదే. "బావా, నువ్వేం దిగులు పెట్టుకోకు. పిల్లలకు ముచ్చెమటలు పట్టిస్తాను" అని మాటిచ్చాడు.

"ఏ వేషంలో వస్తావు?"

"అది చెప్తే ఇక మజా ఏముంటుంది?"

ముందు రోజు మామూలుగానే రిహార్సల్ జరిగింది. పిల్లలంతా వరసగా రోడ్డు దాటారు, మెట్లెక్కారు. తీరా చూస్తే మూడో అంతస్తుకి తాళం వేసి ఉంది. బావమరిది తాళంచెవి జేబులో వేసుకుని ఎక్కడికో వెళ్లిపోయాడు. రెండో అంతస్తు ఎప్పటినుంచో తాళం కూడా లేకుండా ఖాళీగా పడి ఉంది. ప్రిన్సిపాల్ క్షణం ఆలోచించి, "ఏ తలుపైతేనేం, రిహార్సలే కదా" అని పిల్లలను అక్కడే నిలబెట్టాడు. ఆ తలుపు ముందే వరస కట్టించాడు, ఆ తలుపే తట్టించాడు, ఆ తలుపులోంచే నవ్వుతూ బయటికి రప్పించాడు. అందరూ పొరపాటు లేకుండా చేసేదాకా వదల్లేదు.

"రేపు అచ్చం ఇలాగే చెయ్యాలి" అని హెచ్చరించాడు. "లోపలున్న మనిషి ఎంత అరిచినా భయపడొద్దు. అది నటన. ఆయన మా బావమరిదే. ఏ వేషంలో ఉంటాడో నాకూ తెలీదు. ఏ వేషమైనా మీరు మాత్రం వేషమని బయటపడొద్దు. నేను రాను. ఇంటర్వ్యూకి ఎవరికీ ఎవరూ తోడు రారు."

ఆ రాత్రి గడిచి తెల్లారేలోగా రెండో అంతస్తులో, ముందే అద్దెకు మాట్లాడుకున్న ఒక పరుపుల కంపెనీ దిగింది.

కంపెనీ యజమానురాలు పెద్దావిడ. తెల్లజుట్టు బిగించి ముడివేసుకుని, మందపాటి కళ్లద్దాల్లోంచి మనిషిని అడుగంటా చూసే రకం. ఆవిడకు ఫిర్యాదులు వినే అధికారి కావాలి. ఆ ఉద్యోగంలో ఇంతవరకు ఎవరూ నిలవలేదు. పరుపు బాగాలేక నిద్రపట్టనివాళ్లు వచ్చి అరిచే అరుపులు తట్టుకోవడం అంత తేలిక కాదు. చివరిగా చేరినవాడైతే చెప్పులు కూడా వదిలేసి పారిపోయాడు. అందుకని ఈసారి ఆవిడ సొంతంగా ఒక పరీక్ష తయారుచేసుకుంది. మనిషి లోపలికి రాగానే తనే కస్టమరై మీద పడి అరుస్తుంది. తట్టుకున్నవాడిదే ఉద్యోగం. గుమాస్తా కింద లారీలోంచి పరుపులు దింపించే పనిలో ఉండటంతో ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో చూసే దిక్కు లేదు.

పిల్లలు అనుకున్న వేళకు వచ్చారు. అచ్చం నిన్నటిలాగే వరస కట్టారు. ముందు నిలబడ్డ క్లాస్ లీడర్, అందరూ పొడుగు అని పిలిచే కుర్రాడు, తలుపు తట్టి లోపలికి వెళ్లాడు.

"కొన్న నెలకే నా పరుపు మధ్యలో గుంట పడింది! నడుం విరిగింది! దీనికి ఎవరు జవాబుదారు?" అని ఆవిడ బల్ల గుద్దింది. కిటికీ అద్దాలు గల్లుమన్నాయి.

పొడుగు ఆవిడ వంక కన్నార్పకుండా చూశాడు. మొహంలో భయం లేదు సరికదా, భక్తి కనిపించింది. చిన్నగా నవ్వి, "మీరు చాలా బాధపడి ఉంటారు మేడమ్. నెమ్మదిగా చెప్పండి, వింటాను" అన్నాడు. ఆవిడ ఇంకా అరిచింది. వాడు ఇంకా నవ్వాడు. చివరికి ఆగలేక, "చేతులు వణకడం మాత్రం అద్భుతం మేడమ్" అని చెప్పి బయటికి వచ్చాడు.

"ఎలా ఉన్నాడురా?" అని బయట అందరూ మూగారు.

"ఆడవేషం! ముసలావిడగా వచ్చాడు. గొంతు కూడా మార్చేశాడు. ముడతలు ఎలా వేసుకున్నాడో గాని, దగ్గరికి వెళ్లినా తెలియడం లేదు."

తరవాత వెళ్లినవాళ్లంతా ఆ ముడతలు చూడ్డానికే ఉత్సాహపడ్డారు. ఒకడు ఆవిడ అరుస్తున్నంతసేపూ మొహం దగ్గర మొహం పెట్టి పరీక్షించాడు. ఒక అమ్మాయి ఆవిడ దగ్గినప్పుడు అప్రయత్నంగా చప్పట్లు కొట్టింది. ఉద్యోగానికి వచ్చిన కుర్రకారనే అనుకుంటున్న యజమానురాలికి మతిపోయింది. ఇన్నేళ్లలో ఆవిడ అరుపుకి నవ్వినవాళ్లు లేరు. ఆవిడకు కావలసింది తట్టుకునేవాళ్లు గాని, వేళాకోళం చేసేవాళ్లు కాదు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఈ కాలం పిల్లలకు భయం పెట్టడం ఎలాగో దేవుడికే తెలియాలి" అని గొణుక్కుంది. పైకి మాత్రం ఇంకా గట్టిగా అరిచింది.

ఈలోపు ఆ ఉద్యోగానికి నిజంగా రావలసినవాళ్లు మెట్లెక్కి వచ్చారు. నడివయసు మగవాళ్లు కొందరు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, అందరి చేతుల్లో ఫైళ్లు. వసారా నిండా పిల్లలు.

"బాబూ, ఇంటర్వ్యూలు ఇక్కడేనా?" అని అడిగాడు గుబురు మీసాల ఆయన ఒకడు.

"ఇక్కడ మా వరస అంకుల్. మధ్యలో దూరకూడదు" అన్నాడు పొడుగు. "పైన కూడా ఏదో బోర్డు ఉన్నట్టుంది, చూడండి."

పైన నిజంగానే బోర్డు ఉంది. 'ఇంటర్వ్యూలు జరుగుచున్నవి' అని బావమరిది రంగురంగుల అక్షరాలతో స్వయంగా రాసుకున్నాడు. నల్లకోటు వేసుకుని, గాజుకన్ను పెట్టుకున్నట్టు ఒక కన్ను బిగించి, చేతిలో బెత్తంతో ఎదురుచూస్తున్నాడు. పిల్లలు రాలేదేమిటని విసుగెత్తుతున్న సమయంలో తలుపు తోసుకుని మీసాల ఆయన వచ్చాడు.

బావమరిది ఒక్క క్షణం తెల్లబోయాడు. వెంటనే అర్థమైపోయింది. తను వేషం వేసుకొస్తానన్నాడని పిల్లలు కూడా పంతానికి వేషాలు వేసుకొచ్చారు! కళాకారుడి గుండె ఉప్పొంగింది.

"ఏ క్లాసు?" అని గద్దించాడు.

"మా అబ్బాయా సార్? ఎనిమిది."

"శభాష్! అలా నిలబడాలి పాత్రలో. మీసం ఎవరు అతికించారు?"

"సార్?"

బావమరిది లేచి వెళ్లి మీసం పట్టుకుని లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, ఉద్యోగం అవసరమైన మనిషి కనుక "పరవాలేదు సార్" అన్నాడు.

"ఏం జిగురు పెట్టావయ్యా!" అని బావమరిది మెచ్చుకుని, రెండు చేతులతో మరోసారి ప్రయత్నించాడు.

తరవాత బట్టతల ఆయన వచ్చాడు. ఆ బట్టతల అంచు ఎక్కడుందో వెతకడానికి బావమరిది గోళ్లతో చాలాసేపు గీకాడు. ఆ తరవాత వచ్చిన నడివయసు ఆవిడ మోకాళ్ల నొప్పితో మెల్లగా కూర్చుంటే, "ఆ మూలుగు ఇంకొంచెం సాగదియ్యమ్మా" అని సలహా ఇచ్చాడు. ఇంత ప్రతిభ ఎదురు బడిలోనే పెట్టుకుని ఊరంతా నటుల కోసం తిరిగానే అని అతను బాధపడ్డాడు. ఆనందం పట్టలేక బావకు ఫోన్ చేశాడు.

"బావా, మీ పిల్లలు అదరగొట్టేస్తున్నారు! మేకప్ ఎవరు వేశారు?"

"మేకప్పేమిటి?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఒకడికి బట్టతల పెట్టావు చూడు, పీకినా రావడం లేదు! ఇంకొకడైతే సార్ నాకు ఇల్లు గడవడం లేదు అని నిజంగా ఏడ్చాడు. పదహారేళ్ల పిల్లాడు ఆ ఏడుపు ఎక్కడ నేర్చుకున్నాడు బావా?"

"మా పిల్లలెవరికీ ఇల్లు గడిపే బాధ్యత లేదు" అని ప్రిన్సిపాల్ అంటుండగానే నిన్నటి తాళం, నిన్నటి తలుపు కళ్ల ముందు మెదిలాయి. ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయి పరుగెత్తాడు.

మేడ మెట్ల మీద కూలీలు పరుపులు ఎక్కిస్తున్నారు. ఆయన కంగారులో ఒక డబుల్ పరుపుకి ఎదురెళ్లాడు. పరుపు ఆయన్ని గోడకు అదిమింది. అటునుంచి ఇంకో పరుపు వచ్చింది. కొంతసేపు బయట ప్రపంచానికి ఆయన టై చివర మాత్రం కనిపించింది. కూలీలు లాగి బయట పెట్టేసరికి, పైనుంచి పెదవి వాచిన మీసాల ఆయన దిగుతూ ఎదురుపడ్డాడు.

"ఇంటర్వ్యూకేనా మాస్టారూ?" అన్నాడతను జాలిగా. "చాలా కష్టంగా ఉంది. మీసం లేదు కాబట్టి మీరు బతికిపోతారు."

రెండో అంతస్తు వసారాలో పిల్లలంతా తలుపుకి చెవులు ఆనించి నిలబడి ఉన్నారు. లోపలినుంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపిస్తోంది. గట్టి గొంతు, స్పష్టమైన గొంతు. "ముందు నేను అడిగినదానికి చెప్పండి మేడమ్! గుంట తల వైపు పడిందా, కాళ్ల వైపు పడిందా? మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా? పరుపు మీద ఎగురుతారా? మా తమ్ముళ్లు ఎగురుతారు. మా పరుపుకీ గుంట పడింది. అది పరుపు తప్పు కాదు!"

"ఎవరది?" అన్నాడు ప్రిన్సిపాల్. ఆ గొంతు ఆయన ఎన్నడూ వినలేదు.

"గుసగుస సార్" అన్నాడు పొడుగు, నమ్మలేనట్టు.

ప్రిన్సిపాల్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇన్నాళ్లుగా వినాలని తపించిన గొంతు. ఆయన కూడా పిల్లల పక్కన తలుపుకి చెవి ఆనించాడు. ఆ తలుపు ఇంకాసేపు తియ్యకుండా ఉంటే బాగుండేది కూడా. కానీ బాధ్యత గుర్తొచ్చి తోసుకుని లోపలికి వెళ్లాడు.

"నువ్వేనమ్మా!" అంటూ యజమానురాలు అప్పుడే బల్ల మీద చరిచింది. "ఈ ఉద్యోగం నీదే. రేపే చేరిపో."

"క్షమించాలి" అన్నాడు ప్రిన్సిపాల్ రొప్పుతూ. "ఈ అమ్మాయి మా బడి పిల్ల. వీళ్లంతా మా పిల్లలే. ఇది రిహార్సలు. అంటే, ఇది కాదు. ఇది నిజం. రిహార్సలు పైన జరుగుతోంది."

గుసగుస మెల్లగా యజమానురాలి వంక తిరిగింది. తెల్లజుట్టు చూసింది, ముడతలు చూసింది. "అయితే మీరు... సార్ బావమరిది కాదా?" అంది. అప్పటికే ఆ గొంతు సగం పోయింది. మిగతా సగం 'కాదా' దగ్గర ఆరిపోయింది. మొహం పాలిపోయి కుర్చీలో ముడుచుకుపోయింది.

"నేనా? బావమరిదా?" యజమానురాలు లేచి నిలబడింది. ఇప్పటిదాకా అరిచింది పరీక్షకు. ఇక అసలుది మొదలుపెట్టింది. పొద్దున్న నుంచీ అరిచి అరిచి గొంతు పోయిందని, నవ్వినవాడు నవ్వి, మొహంలో మొహం పెట్టినవాడు పెట్టి, దగ్గితే చప్పట్లు కొట్టారని, నిజంగా ఉద్యోగానికి వచ్చినవాళ్లు ఏరని నిలదీసింది.

"పైన మా బావమరిది దగ్గర ఉన్నారు. అతను వాళ్ల మీసాలు పీకుతున్నాడు" అన్నాడు ప్రిన్సిపాల్ నిజాయితీగా.

ఆవిడ కోపం హద్దు దాటింది. మేడంతా మారుమోగింది. అప్పుడు ప్రిన్సిపాల్ ప్రమేయం లేకుండానే ఆయన ఒంట్లో ఏళ్లనాటి అలవాటు లేచి నిలబడింది. కోపంతో బడికి వచ్చే తల్లిదండ్రుల ముందు లేచే అలవాటది. కుర్చీ ముందుకు జరిపాడు. గ్లాసుతో మంచినీళ్లు అందించాడు.

"కూర్చోండమ్మా. ముందు మీరు చెప్పేది మొత్తం చెప్పండి. నేనెక్కడికీ వెళ్లను" అన్నాడు.

ఆవిడ కూర్చుంది. చెప్పింది. ఆయన "అవునమ్మా", "మీరన్నది నిజమే", "ఎవరికైనా అలాగే ఉంటుంది" అంటూ విన్నాడు. ఆవిడ పరుపుల సంగతి దాటి లారీవాడి సంగతికి వచ్చింది, అది దాటి కొడుకు ఫోన్ చెయ్యడం లేదన్న సంగతికి వచ్చింది. చివరికి నీళ్లు తాగి, నిట్టూర్చి, తేలికపడ్డ మొహంతో ఆగింది. అప్పుడు ఉలిక్కిపడింది.

"మీరు నన్నేం చేశారు?"

"విన్నానండి. బడిలో నా పని అదే."

కుర్చీలోంచి ఏదో సన్నగా వినబడింది. గుసగుస పెదవులు కదులుతున్నాయి.

"ఏమిటమ్మా? వినబడలేదు" అంది యజమానురాలు.

గుసగుస ప్రిన్సిపాల్ మొహం చూసింది. పక్క బెంచీ పిల్ల కోసం అలవాటుగా అటూ ఇటూ చూసింది. లేదు. గట్టిగా ఊపిరి తీసుకుంది. "మా సార్ నెలాఖరుకి రిటైరవుతున్నారు మేడమ్."

"ఛ, ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?" అన్నాడు ప్రిన్సిపాల్, చెవులదాకా ఎర్రబడి.

"ఎందుకంటే నాకు మనిషి కావాలి" అంది యజమానురాలు. "మీరు ఆ కుర్చీలో కూర్చోండి. అమ్మాయీ, నువ్విటు రా, నా పక్కన కూర్చో. నా గొంతు పోయింది. నువ్వడుగు."

అలా రిహార్సల్ సార్ జీవితంలో మొదటిసారి రిహార్సల్ లేకుండా ఒక కుర్చీలో కూర్చున్నాడు. బల్లకు అటువైపు గుసగుస. ఈసారి అవతల ఉన్నది నాటకం కాదని ఆమెకు తెలుసు. అడగడానికి ఏ ప్రశ్నా తట్టక, చిన్నప్పటి నుంచి వింటున్న ప్రశ్నే అడిగేసింది.

"రిటైరయ్యాక ఏమవుదామనుకుంటున్నారు, సార్?"

ప్రిన్సిపాల్ నోరు తెరిచాడు. టై ముడితో ఏదో చెప్పుకున్నట్టు గొణిగాడు.

గుసగుస ముందుకు వంగింది. "గట్టిగా చెప్పండి సార్. ఆఖరి బెంచీకి వినబడాలి."

తలుపు సందులోంచి చూస్తున్న పిల్లలంతా మరింత ముందుకు తోసుకున్నారు. ప్రిన్సిపాల్ తలెత్తాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "చూస్తున్నాను చూస్తున్నాను అని ఇంట్లో అబద్ధం చెప్తున్నాను. భయంగా ఉంది. పొద్దున్నే లేచి టై కట్టుకుని ఎక్కడికి వెళ్లాలో తెలీదు. మిమ్మల్నందర్నీ అడిగాను గాని, నన్ను నేను ఒక్కసారీ అడగలేదు."

గుసగుస కళ్లు చెమ్మగిల్లాయి. "బాగా చెప్పారు సార్" అంది. ఆ మాట తలుపు బయటికి కూడా వినబడింది.

"పొద్దున్న నుంచి ఈ గదిలో నటించకుండా మాట్లాడినవాడు ఈయనొక్కడే" అంది యజమానురాలు. "తీసుకున్నాను."

ఆ తరవాత పై అంతస్తు సంగతి చక్కబెట్టడానికి పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది. వచ్చినవాళ్లు నిజంగా పెద్దవాళ్లేనని తెలిశాక బావమరిది మొదట నిరాశపడ్డాడు, తరవాత అందరికీ తన కొత్త నాటకంలో వేషాలు ఇచ్చాడు. మీసాల ఆయన పెదవి వాపు తగ్గాక విలన్‌గా బాగా రాణించాడు. తరవాతి వారం కాలేజీ ఇంటర్వ్యూలో గుసగుస జవాబులు బయట వరసలో కూర్చున్నవాళ్లకు కూడా వినిపించాయట. వెనక ఉన్నవాళ్లు వాటిని విని రాసుకుంటుంటే, కాలేజీవాళ్లు తలుపు మూయించవలసి వచ్చింది. ఆమెకు సీటు వచ్చింది.

అయితే అదంతా తరవాతి మాట. ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గాలిలో తేలుతూ ఇంటికి వచ్చాడు. హాల్లో పెట్టె సర్ది ఉంది. పక్కన భార్య నిలబడి ఉంది.

"జవాబు?" అంది.

"దొరికింది! ఉద్యోగం. పరుపుల కంపెనీలో ఫిర్యాదుల అధికారి. వచ్చే నెల మొదటి తేదీనుంచే."

ఆవిడ మొహం వెలిగిపోయింది. కన్నీళ్లు కూడా వచ్చాయి. "బతికించారండీ" అంటూ పెట్టె తెరిచి బట్టలు మళ్లీ బీరువాలో పెట్టడం మొదలుపెట్టింది. "పొద్దున్న ఎన్నింటికి బయల్దేరాలి?"

"బయల్దేరడమెందుకు? అక్కడ పరుపులతో నిండిపోయి కుర్చీ వెయ్యడానికి చోటు లేదు. ఫిర్యాదుల ఫోన్ మనింట్లోనే పెడతారు, వంటగది పక్కన. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా నేను ఇక్కడే. జనం వాపసిచ్చిన పరుపులు కూడా ఇక్కడికే పంపిస్తారు, పరీక్షించడానికి. హాల్లో సర్దుకుందాం. రేపటినుంచి రిహార్సల్ మొదలుపెడతాను. ఆ చేతిగంట ఎక్కడ పెట్టావు?"

ఆవిడ చేతిలోని బట్టలు జారి కిందపడ్డాయి. వేసవి సెలవులతో మొదలుపెట్టి, పాలవాడి మీదుగా, పెళ్లయిన మొదటి వారంలో ఆయన అత్తగారింటికి వెళ్లే ముందు పెట్టించిన రిహార్సల్ దాకా వెళ్లి, మళ్లీ పరుపుల దగ్గరికి వచ్చి, ఇరుగుపొరుగు కిటికీలు తెరుచుకునేలా అరిచింది.

ప్రిన్సిపాల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. శ్రద్ధగా విన్నాడు. ఆవిడ ఆయాసపడి ఆగాక, గ్లాసుతో మంచినీళ్లు అందించాడు.

"అద్భుతం! అచ్చం కస్టమర్‌లాగే ఉంది" అన్నాడు మెచ్చుకోలుగా. "చివర్లో గొంతు కొంచెం తగ్గింది. మరోసారి చేద్దాం."

అది రిహార్సల్ అని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.